ఊరందరి గ్యాస్ బండ

మొన్న మా ఆడపడుచు మనవడి పుట్టినరోజని రాజమండ్రి బైపాస్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన హోటల్‌కి అందరినీ భోజనానికి తీసుకెళ్ళారు. చేతికి వచ్చిన ఏ కాగితాన్నయినా చివరి అక్షరం దాకా చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అక్కడ ఇచ్చిన మెనూ కార్డు కూడా అలాగే చదివాను. అందులో కోడికూర రెండు చోట్ల ఉంది. ఒకటి మామూలుది. రెండోది కట్టెల పొయ్యి మీద వండినదట, దానికి ధర ఎక్కువ. తేడా ఏంటి బాబూ అని సర్వరుని అడిగితే, "పొగ వాసన వస్తుందండి, అదే దాని స్పెషలు" అన్నాడు. నా వెనక గోడకి ఇత్తడి చెంబుల పక్కన ఒక ఇనప ఊదుగొట్టం తగిలించి, దాని మీద పడేలా చిన్న లైటు కూడా పెట్టారు. పిల్లలు అక్కడ నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అలాంటి గొట్టం ఊదీ ఊదీ మా అమ్మ ఊపిరితిత్తులు ఏమైపోయాయో నాకు తెలుసు. ఆ పొగ మాన్పించడానికి మా ఇంట్లో ఎన్ని తగువులు పడ్డామో కూడా తెలుసు. ఇప్పుడు అదే పొగని ఎక్కువ ధర పెట్టి కొనుక్కుని తింటున్నారు. నేను మామూలు కూరే తెప్పించుకున్నాను.

మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. మాకు కాస్త వరిచేను, ఇంటి చుట్టూ కొబ్బరితోట ఉండేవి. కాలవ అవతల తోటల వెనక గ్యాస్ కోసం భూమిలోకి గొట్టాలు దింపారు. ఊళ్ళో అందరూ ఆ చోటుని రిగ్గు అనేవారు. అక్కడ ఒక పొడుగాటి గొట్టం చివర ఎప్పుడూ మంట మండుతూనే ఉండేది. ముసురు పట్టినా ఆరేది కాదు. దీపాలు పెట్టే వేళకి మా పెరటి గోడ దాని వెలుగులో ఎర్రగా కనిపించేది. గ్యాస్ తీసేటప్పుడు పనికిరాని మిగులుని అలా తగలబెట్టేస్తారని నేను చదివి వచ్చి నాన్నకి చెప్పాను. "పనికిరానిదెలా అవుతుందే, మండుతోంది కదా" అన్నారాయన. ఆ ప్రశ్నకి మా లైబ్రరీలో ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. ఆ వెలుగులోనే మా అమ్మ కొబ్బరి మట్టలు విరుచుకుని, కాయల పీచు డొక్కలు ఏరుకుని, గంపకెత్తుకుని వంటింట్లోకి వెళ్ళేది.

అమ్మ రోజంతా పొయ్యి చుట్టూ తిరిగేది. తెల్లవారగానే బూడిదెత్తి, పొయ్యి అలికి, ముగ్గేసి, ముందు కాఫీకి నీళ్ళు పెట్టేది. తరవాత అన్నం, పప్పు, పులుసు. పెరట్లో పిడకల దాలి మీద పాలు మధ్యాహ్నం దాకా కాగి ఎర్రగా మీగడ కట్టేవి. ఆ పాల వాసన, తడి కొబ్బరి డొక్క చిటపటలాడే వాసన తలుచుకుంటే ఇప్పటికీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ దాని వెంటే ఇంకో చప్పుడు కూడా గుర్తొస్తుంది. అది అమ్మ దగ్గు. వానాకాలం వస్తే చాలు, అమ్మ పడుకోలేకపోయేది. గోడకి జేరబడి కూర్చునే నిద్రపోయేది. అమలాపురంలో డాక్టరుగారు గుండె మీద గొట్టం పెట్టి చూసి, నాన్నతో, "మందులు నేను రాస్తానండి, పొగ మాన్పించడం మాత్రం మీ పని. ఈ పొగలోనే ఉంటే ఈవిడ ఎక్కువ కాలం ఉండరు" అని మొహమాటం లేకుండా చెప్పేశారు. మా నాన్న జన్మలో ఒక పని వెంటనే చేశారంటే అదే. వెళ్ళి గ్యాస్ కనెక్షన్‌కి పేరు రాయించారు.

ఆ రోజుల్లో పేరు రాయించగానే బండ వచ్చేది కాదు. అది వచ్చేలోగా నా చదువు అయిపోయింది. అయిపోయిందంటే పదో తరగతితో ఆగిపోయిందని. అక్కడి నుంచి నా కాలేజీ మా పక్క ఊరి శాఖా గ్రంథాలయమే. దినపత్రికలు మొదటి పేజీ నుంచి మార్కెట్ ధరల దాకా, పాత వారపత్రికలు, దేశదేశాల విజ్ఞాన సర్వస్వం సంపుటాలు అన్నీ చదివాను. అట్లాసు చూసి ఏ దేశం ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగేదాన్ని. ఇప్పటికీ చూపించగలను. డిగ్రీలు చదివిన మా వదినగారి పిల్లలు ఫోను చూడకుండా చూపించలేరు.

చివరికి ఓ రోజు రిక్షా మీద బండ దిగింది. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మొదటి వారం అన్నం, కూర, కాఫీ అన్నీ గ్యాస్ మీదే. అమ్మ పొయ్యి ముందు కళ్ళు తుడుచుకోకుండా నిలబడి వంట చెయ్యడం నేను అప్పుడే చూశాను. తరవాత రేడియో వార్తల్లో గ్యాస్ ధర పెరిగిందన్నారు. మామ్మ రేడియో ఆపి, "అన్నానికి గ్యాసెందుకు, అన్నం పొయ్యి మీద కూడా ఉడుకుతుంది" అంది. ఇంకోసారి పెరిగాక పప్పు కూడా పొయ్యి మీదకి వెళ్ళిపోయింది. ఆ తరవాత కాఫీ మాత్రం మిగిలింది, అది కూడా చుట్టాలు వచ్చినప్పుడే. చుట్టాలందరికీ కూడా కాదు. అల్లుడికీ వియ్యంకుడికీ గ్యాస్ కాఫీ. వరసకి తమ్ముళ్ళయ్యేవాళ్ళకి పొయ్యి కాఫీ. వంట అయిపోగానే మామ్మ రెగ్యులేటరు పీకి, గుడ్డలో చుట్టి, బియ్యం డ్రమ్ములో దాచేసేది. ఇదేంటని మామ్మని అడగమని నాన్నతో అంటే, "చూద్దాంలే" అనేవారు. మా నాన్న ఆ మాట ఎన్నేళ్ళు అన్నారో, ఏం చూశారో నాకు ఇప్పటికీ తెలియదు.

పోనీ మిగిలినవైనా చవకగా దొరికాయా అంటే అదీ లేదు. డిపోలో కోటా కిరసనాయిలు ఏడాదిలో సగం నెలలు వచ్చేది కాదు, వచ్చినా ధర పెరిగేది. రైసుమిల్లు వాళ్ళు ఊక ఊరికే పట్టుకెళ్ళమనేవారు, దాంతో ఊక పొయ్యి వెలిగించుకునేవాళ్ళం. బొగ్గు ధర పెరిగేసరికి ఇటికబట్టీల వాళ్ళు లారీలేసుకొచ్చి ఆ ఊకంతా కొనుక్కుపోయారు. ఎక్కడో ఎడారిలో చమురు ధర పెరిగితే మా వీధి చివర ఊక కూడా కొనుక్కోవలసి వస్తుందని నేను అప్పుడే నేర్చుకున్నాను. ఇది మామ్మకి వివరించి చెబుదామని కూర్చున్నాను. "మామ్మా, హాలెండు అనే దేశంలో పెట్రోలుకి కరువొస్తే ఆదివారాలు కార్లు మానేసి డబ్బున్నవాళ్ళు కూడా సైకిళ్ళు తొక్కారు" అన్నాను.

"మనం రోజూ తొక్కుతున్నాం. మన గురించి ఎవరైనా రాశారా?" అంది మామ్మ.

"బ్రెజిల్లో చెరకు సారాతో కార్లు నడుపుతారు."

"మన ఊళ్ళో అది తాగి మనుషులే నడవలేకపోతున్నారు."

"చలిదేశాల్లో ఇంట్లో కూడా స్వెట్టర్లు వేసుకుని హీటర్లు తగ్గించుకున్నారు."

"చూశావా, తగ్గించుకున్నారు. నేను చెప్పేదీ అదే కదే" అని మామ్మ రెగ్యులేటరు పట్టుకుని లేచింది. నా చదువంతా ఆవిడ పక్షానే సాక్ష్యం చెప్పినట్టయింది.

అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించింది బండ అరువెళ్ళడం. మా వీధిలో గ్యాస్ ఉన్న ఇల్లు మాదే. ఎవరింట్లో పెళ్ళిచూపులైనా, నిశ్చితార్థమైనా, వచ్చినవాళ్ళకి గ్యాస్ పొయ్యి మీద కాఫీ ఇస్తే అదో పరువు. అందుకని ముందురోజు సాయంత్రం మా అరుగు మీదకి వచ్చి, "ఓ పూట బండ ఇప్పించండి అత్తయ్యగారూ" అనేవారు. మామ్మ ముఖం విప్పారిపోయేది. బండకి మళ్ళీ బొట్టు పెట్టి, ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు పంపేది. తిరిగొచ్చేటప్పుడు దాని వెంట పళ్ళెంలో అరటిపళ్ళు, లడ్డూలు వచ్చేవి. ఎవరూ గ్యాస్ నింపించి ఇవ్వరు, లడ్డూలు ఇస్తారు. ఈ అరువులకే బండ నిండుగా ఉండాలని మామ్మ లెక్క. అమ్మ పొగలో దగ్గుతూ ఉంటే మా గ్యాస్ ఊరందరి కాఫీలూ కాచేది.

ఆ సమయంలోనే రత్నం పిన్ని సెలవు మీద వచ్చింది. పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. బాబాయి పోయాక కువైట్ వెళ్ళి అక్కడ ఒకరింట్లో వంటపని చేసేది. పెట్టె దించి వంటింట్లోకి రాగానే పొగలోంచి అమ్మని వెతుక్కోవలసి వచ్చింది.

"బండ ఉండగా ఈ పొగేంటే అక్కా?"

"అవసరానికి ఉంచుకోవాలి కదే."

"నీ ఆయాసం అవసరం కాదా?"

మామ్మ వసారాలోంచి అందుకుంది. "మీ కువైట్‌లో ఊరికే వస్తుందేమో రత్నం. ఇక్కడ వార్తలు విన్నప్పుడల్లా పెరుగుతోంది."

"అక్కడ వాళ్ళ భూమిలో ఉందండి, వాడుకుంటున్నారు. మరి కాలవ అవతల మండేది ఎవరి భూమిలోదండి?"

"అది గవర్నమెంటుదమ్మా."

"అక్కడా గవర్నమెంటుదేనండి అత్తయ్యగారూ."

మామ్మ తగ్గకుండా, "అయితే మీ గవర్నమెంటుని ఓ బండ పంపమను" అంది.

పిన్ని నవ్వేసింది గానీ వదల్లేదు. డ్రమ్ములో బియ్యం కెలికి రెగ్యులేటరు బయటికి తీసింది. తను ఉన్నన్నాళ్ళూ వంట తనదేనంది. వండుతూ అక్కడి సంగతులు చెప్పేది. వాళ్ళ మేడమ్ ఇంట్లో పొద్దున్న వెలిగించిన పొయ్యి ఆర్పడం అనేదే ఉండదట, టీ గిన్నె దించినా మంట అలాగే ఉంటుందట. చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసే శ్రీలంక ఆవిడ, ఫిలిప్పీన్స్ అమ్మాయి, పిన్ని ముగ్గురూ సెలవురోజు కలుసుకుంటే మాట్లాడుకునేది ఇదేనట. శ్రీలంక ఆవిడ వాళ్ళమ్మ కిరసనాయిలు మానేసి మనలాగే కొబ్బరి చిప్పలు కాలుస్తోందట. ఫిలిప్పీన్స్ అమ్మాయి తమ్ముళ్ళు జీపు చార్జీలు పెరిగి బడికి నడిచి వెళ్తున్నారట. "ముగ్గురం పొద్దస్తమానం ఊరోళ్ళ గ్యాసు మీద వండుతాం. ముగ్గురి ఇళ్ళలోనూ పొగే" అని పిన్ని పప్పు తిరగమోత పెట్టింది. నేను వెంటనే అట్లాసు తెచ్చి ఆ దేశాలు చూపించాను. అమ్మ చూడలేదు. పిన్ని వచ్చిన కొద్ది రోజులకే అమ్మ గోడకి జేరబడకుండా, మంచం మీద వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టింది. అది చూసి నాన్న గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్ళారు. చూద్దాంలే అనలేదు.

పిన్ని తిరుగు ప్రయాణానికి ముందు సత్తిరాజు గారు వచ్చారు. మా వీధిలో పెద్ద కమతం ఆయనది. పెద్దమ్మాయికి నిశ్చితార్థం, బండ కావాలి. మామ్మ ముందే మాటిచ్చేసింది.

"ఇవ్వడం కుదరదండి. మా అక్కకి పొగ పడదు, డాక్టరు చెప్పారు" అంది పిన్ని ఆయన మొహం మీదే.

సత్తిరాజు గారు మామ్మ వంక చూశారు. మామ్మ అమ్మ వంక చూసింది. పిన్ని కూడా అమ్మనే చూస్తూ, "చెప్పవే అక్కా, నువ్వే చెప్పు" అంది. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని, "పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ" అంది. ఆయన వెళ్ళాక పిన్ని ఎగిరిపడింది. అమ్మ ఒకటే మాట అంది. "వాళ్ళ శుభకార్యం ఒక్కరోజేనే. నా దగ్గు రోజూ ఉండేదే కదా."

నాకు ఆ రోజు మామ్మ మీద కన్నా అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పిన్ని అమ్మతో మాట్లాడకుండానే విమానం ఎక్కింది. బండ లడ్డూలతో, పూర్తిగా ఖాళీ అయి తిరిగొచ్చింది. ఆ వారమే ధర మళ్ళీ పెరిగింది. కార్తీకం వెళ్ళాక నింపిద్దాం అంది మామ్మ. అమ్మ మళ్ళీ మట్టలు విరుచుకోవడం మొదలుపెట్టింది.

ముసురు పట్టిన రోజుల్లో తడి మట్టలు మంట కన్నా పొగే ఎక్కువ ఇస్తాయి. ఓ మధ్యాహ్నం అన్నం వారుస్తూ అమ్మ గోడ పట్టుకుని కూలబడింది. పెదాలు నీలంగా అయిపోయాయి. మాట రావడం లేదు. నాన్న అద్దె కారు తెచ్చారు. యానాం వంతెన మీదుగా కాకినాడ వెళ్ళేదాకా డ్రైవరు డీజిలు ధర గురించి చెబుతూనే ఉన్నాడు. వెనక సీట్లో అమ్మ తల మామ్మ ఒళ్ళో ఉంది. మామ్మ దారంతా అమ్మ వీపు రాస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కకి ఆక్సిజన్ బండ తెచ్చి పెట్టి, ముక్కుకి మాస్కు తగిలించారు. సాయంత్రానికి రంగు వచ్చింది, కళ్ళు తెరిచింది. కళ్ళు తెరిచి ముందు చూసింది మా ఎవరినీ కాదు, ఆ బండని. నర్సమ్మని చేత్తో పిలిచి, మాస్కు కాస్త పక్కకి జరిపి, "కొంచెం తగ్గించమ్మా. ఊరికే అయిపోతుంది" అంది.

"తగ్గిస్తే మీకే కష్టమండి."

"పర్లేదమ్మా, నేను సర్దుకుంటాను" అని అమ్మ నిజంగానే ఆ మీట వైపు చెయ్యి చాచింది.

మామ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, నర్సు వైపు తిరిగి, "పూర్తిగా తిప్పమ్మాయ్. అయిపోతే ఇంకోటి పెట్టించు. ఈవిడ మాట వినకు" అంది. నేను వరండాలోకి వచ్చేశాను. ఎవరిని తిట్టాలో తెలియక అక్కడి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ధర పెంచిన వాళ్ళనా, దాచిన మామ్మనా, చూద్దాంలే అన్న నాన్ననా, ఊపిరి కూడా పొదుపు చెయ్యబోయిన అమ్మనా.

ఇప్పుడు మా ఇంట్లో రెండు బండలున్నాయి. ఫోనులో మీట నొక్కితే ఇంటికి తెస్తారు. ధర పెరిగిన రోజు టీవీలో అరుచుకుంటారు, పక్కింటి వాళ్ళు కరెంటు పొయ్యి కొంటారు, పై అంతస్తు వాళ్ళు బయట నుంచి తెప్పించుకుని తింటారు. ఏదో ఒక దేశంలో పెట్రోలు బంకు ముందు జనం బారులు తీరిన ఫొటో పేపర్లో వస్తుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని అదంతా చదువుతాను. చమురు పీపా ఎన్ని డాలర్లయిందో రాస్తారు, మంత్రి ఏమన్నాడో రాస్తారు. ధర పెరిగినప్పుడు ఆ జనం ఇళ్ళలో ముందుగా ఎవరు తగ్గించుకున్నారో, ఎవరు మళ్ళీ కట్టెల దగ్గరికి వెళ్ళారో మాత్రం ఇన్నేళ్ళ నా చదువులో ఒక్కరూ రాసినట్టు చూడలేదు. చదివే వాళ్ళకి అక్కర్లేదనుకుంటారో, రాసేవాళ్ళు వంటింట్లోకి వెళ్ళరో తెలియదు.

ఆసుపత్రిలో కోలుకుని అమ్మ ఇంటికొచ్చింది. అప్పటికే నాన్న బండ నింపించి పెట్టారు. మామ్మ డ్రమ్ములోంచి రెగ్యులేటరు తీసి తనే బిగించింది, మళ్ళీ పీకలేదు. దానికి బదులు తన మధ్యాహ్నం కాఫీ మానేసింది. ఎందుకు మానేశావని అడిగితే, పడటం లేదు అనేది. వార్తలు వచ్చే వేళకి రేడియో దగ్గర కూర్చుని, ధర పెరిగిందనగానే ప్రభుత్వాన్ని నోరారా తిట్టి, లేచి వెళ్ళిపోయేది. అమ్మని మాత్రం ఏమీ అనేది కాదు.

ఆ ఎండాకాలం సత్తిరాజు గారు మళ్ళీ మా అరుగు మీదకి వచ్చారు. ఈసారి వాళ్ళ అబ్బాయికి సంబంధం, మర్నాడు పెళ్ళివారు ఇల్లు చూడటానికి వస్తున్నారు.

"ఓ పూట బండ ఇప్పించండి అత్తయ్యగారూ. పెద్దింటి వాళ్ళండి, మన పరువు."

"ఖాళీ అయిపోయింది బాబూ" అంది మామ్మ.

లోపల కుక్కరు కూత వేసింది. సత్తిరాజు గారు వంటింటి వైపు చూశారు.

"కిరసనాయిలు పొయ్యి" అంది మామ్మ.

"డిపోలో ఈ నెల ఇవ్వలేదు కదండి" అన్నారాయన మర్యాదగానే.

నేను ఆయనకి కాఫీ గ్లాసు ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఊరంతా చేతులు కట్టుకుని అడిగితే లేదనడం చేతకాని మనిషి, అబద్ధమాడి దొరికిపోయి కూర్చుంది. కుక్కరు ఇంకో కూత వేసింది. అమ్మ లోపల నుంచి ఈ మాటలు విన్నట్టుంది, పొయ్యి మీట తిప్పిన చప్పుడైంది, మంట సన్నబడింది. మామ్మ సత్తిరాజు గారి ముందే తల లోపలికి తిప్పి, "తగ్గించకు మంగా, ఉండనీ" అని గట్టిగా కేకేసింది.

ఆయన కాఫీ తాగి, వస్తానండి అని లేచారు. మర్నాడు పెళ్ళివారికి కట్టెల పొయ్యి మీదే కాఫీ పెట్టారట. సంబంధం మాత్రం కుదిరింది.